గుమ్మంలో పాలగిన్నె

ఆ అద్దాల గది గుమ్మంలో ఒక స్టీలు గిన్నె ఉంటుంది. అందులో పాలు. పిల్లి కోసమనుకునేరు, కాదు. మొక్కల జబ్బులు చూసే ఆ పరిశోధన కేంద్రంలో టమాటా మొక్కని ముట్టుకోవాలంటే, డైరెక్టరైనా సరే, సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని, ఆ పాలలో చేతులు ముంచి, అప్పుడే లోపలికి అడుగుపెట్టాలి. టమాటాకి పట్టే వైరస్ ఒకటుంది. అది గాలికి ఎగరదు, పురుగు మొయ్యదు, మనిషి చేతి మీదెక్కి ఊరేగుతుంది. పాలు తగిలితే దాని ఆటలు సాగవు.

ఆ గిన్నెకి కాపలా కాసే సైంటిస్టుని అందరూ పాలావిడ అంటారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఎంతమందిని గుమ్మంలోంచి వెనక్కి తోలిందో లెక్కలేదు. ఒకసారి పైనుంచి వచ్చిన పెద్ద అధికారి, "నేనేమీ ముట్టుకోనమ్మా" అన్నాడు. "అందరూ అలాగే అంటారండీ. ముట్టుకున్నాక మొక్క నోరు తెరిచి చెప్పదు కదా" అని ఆయన చేత పాలలో చేతులు ముంచించేదాకా వదల్లేదు. నిప్పులాంటి మనిషి అంటారే, ఆ బాపతు. నిప్పుకి చెద పట్టదంటారు. పట్టింది. ఎలా పట్టిందో వినండి.

పాలావిడ బావ, అంటే సొంత అక్క మొగుడు, నారు పెంచి అమ్ముతాడు. ఆయనకి హస్తవాసి ఉందని రైతుల నమ్మకం. ఆయన గుచ్చితే ఎండుపుల్ల కూడా చిగురేస్తుందంటారు. పూర్వం సిగరెట్ మీద సిగరెట్ కాల్చేవాడు. అక్క ఏడ్చి మొత్తుకున్నా మానలేదు. అలాంటిది, "బావా, పొగాకు పట్టుకున్న చేతుల్లో ఈ వైరస్ ఉండొచ్చు, నారుకి అంటుకుంటుంది" అని మరదలు అన్న ఒక్క మాటకి మర్నాటినుంచీ మానేశాడు. "పెళ్ళాంకంటే నారే ఎక్కువ ఈ మహానుభావుడికి" అని అక్క ఇరవై ఏళ్ళుగా దెప్పుతూనే ఉంది.

ఈ ఏడు ఆ బావ దగ్గర నారు కొన్న రైతు ఒకాయన, ఆకుల మీద పచ్చగా పసుపుగా మచ్చలు తేలాయని ఫిర్యాదు పెట్టాడు. నర్సరీ నుంచి తెచ్చిన శాంపిళ్ళు పాలావిడ బల్ల మీదికే వచ్చాయి. "మా బావది సార్, ఇంకెవరికైనా ఇవ్వండి" అంది. "ఈ పరీక్ష తెలిసిన చెయ్యి ఇక్కడ మీదొక్కటే మేడమ్" అన్నాడు డైరెక్టర్.

పరీక్ష చూడ్డానికి తేలికే. అనుమానం ఉన్న ఆకుని నూరి, ఆ రసాన్ని పొగాకు జాతి పరీక్ష మొక్క ఆకు మీద వేలితో మెత్తగా రుద్దుతారు. వైరస్ ఉంటే నాలుగో రోజుకల్లా రుద్దినచోట గోధుమరంగు చుక్కలు లేస్తాయి. లేకపోతే ఆకు శుభ్రంగా ఉంటుంది. పోలికకి కొన్ని మొక్కలకి వట్టి నీళ్ళు రుద్దుతారు, కొన్నిటికి కావాలనే జబ్బు రసం రుద్దుతారు. నీళ్ళవి ముందు, అనుమానమున్నవి తర్వాత, జబ్బువి ఆఖరున. ఆ వరస తప్పకూడదు. పాలావిడ గ్లవ్స్ వేసుకోదు. ఆకుని ఎంత నొక్కుతున్నామో వేలికే తెలుస్తుందని ఆవిడ మొండిపట్టు.

నాలుగో రోజున బావ నారు రసం రుద్దిన ప్రతి ఆకు మీదా చుక్కలు. నీళ్ళు రుద్దినవి అద్దాల్లా ఉన్నాయి. ఇంకేం కావాలి? బావదని తెలిసీ పాలావిడ సంతకం పెట్టేసింది. అరవై వేల మొక్కలు గుంట తీసి పూడ్చాలని నోటీసు వెళ్ళి బావ గేటుకి అంటుకుంది. సొంత బావని కూడా వదల్లేదని కేంద్రమంతా మెచ్చుకుంది. అక్క ఫోన్ చేసి ఏడ్చింది. బావ ఫోన్ లాక్కుని, "నువ్వు ఉందన్నావంటే ఉన్నట్టే. నీ పని నువ్వు చేశావ్. మీ అక్క మాటలు పట్టించుకోకు" అన్నాడు.

పూడ్చడానికి గడువు మంగళవారం సాయంత్రం నాలుగు గంటలు. ఆ మంగళవారం పొద్దున పది గంటలకి అద్దాల గదిని చూసుకునే పిన్ని కొత్త పాలపొడి డబ్బా మూత తీసింది. ఎవరికి పిన్నో ఎవరికీ తెలీదు, డైరెక్టర్ దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ పిన్నే.

"ఈసారి చుట్టపక్కాలొస్తే టీకి ఇందులోంచి తియ్యమనకండి మేడమ్, ముందే చెబుతున్నా" అంది పిన్ని, గిన్నెలో గరిట తిప్పుతూ.

"టీ ఏమిటి?" అంది పాలావిడ.

"అదే, పోయిన మంగళవారం! పైనుంచి పెద్దలు పదిమంది ఊడిపడలా? టీలోకి పాలు లేవంటే, డబ్బాలోది వాడెయ్ పిన్నీ అని మీరే అన్నారుగా. గిన్నెలోకి అడుగూ బొడుగూ దులిపి నీళ్ళు పోసెయ్, ఇవాళ్టికి గడిచిపోతుందని కూడా మీరే అన్నారు. పొయ్యమన్నారు, పోశాను. తెల్లగానే కనబడింది లెండి."

పాలావిడ అరలోంచి పనిపుస్తకం తీసింది. ఎప్పుడేం చేసిందీ నిమిషాలతో సహా రాసే అలవాటు ఆవిడది. ఆ అలవాటే ఇప్పుడు పీకకి చుట్టుకుంది. పది ఇరవైకి నీళ్ళు రుద్దడం అయింది. పది నలభైకి అతిథులు. జబ్బు మొక్కలు చూపించమని వాళ్ళు సరదా పడితే, ఆకులు తిప్పి తిప్పి చూపించింది, వట్టి చేత్తో. పదకొండుంబావుకి బావ శాంపిళ్ళు.

మధ్యలో సబ్బేదీ? గుర్తొచ్చింది. కుళాయి దగ్గర అతిథులు మూగి ఉన్నారు. పాలున్నాయిగా, చాల్లే అనుకుంది. గిన్నెలో ముంచింది. అవి పాలు కావు, పాలు కడిగిన నీళ్ళు. ఆ చేత్తోనే బావ నారు రసం పది మొక్కలకి రుద్దింది.

ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. జబ్బు బావ నారులో ఉందో, తన వేళ్ళ మీద ఉందో ఆ చుక్కలు చెప్పవు. చుక్కకి ఇంటిపేరు ఉండదు కదా!

"ఏంటి మేడమ్, అలా అయిపోయారు?" అని దగ్గరికొచ్చింది పిన్ని. పుస్తకంలో వేలు పెట్టి చూపిస్తే, చదువు పెద్దగా లేకపోయినా ఇట్టే పట్టేసింది. నోటి మీద చెయ్యేసుకుంది. కాసేపటికి గొంతు తగ్గించి, "నేను నోరు విప్పనమ్మా. నా పిల్లల మీద ఒట్టు" అంది.

ఆ మాట ఆవిడకి చల్లగా తగిలింది. అదే ఆవిడని భయపెట్టింది. లేచి డైరెక్టర్ గదికి పరిగెత్తింది.

డైరెక్టర్ అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మేడమ్, మీరు చెప్పేది నిజమే అనుకుందాం. ఎవరు నమ్ముతారు? గడువుకి ఆరు గంటల ముందు, సొంత బావ నారు గురించి, నా రిపోర్టు తప్పంటూ మీరే వచ్చారు. అక్క కన్నీళ్ళకి కరిగిపోయిందంటారు. రేపటినుంచి మన సంతకానికి విలువుంటుందా?"

"నాలుగు రోజులు ఆపండి సార్. మళ్ళీ పరీక్ష చేద్దాం."

"నిజంగా జబ్బుంటే? ఆ నాలుగు రోజుల్లో చుట్టుపక్కల పొలాలకి పాకితే?"

నిజంగా ఉంటే ఎలా? అదే గదా అసలు చిక్కు. లేదని ఆవిడకీ తెలీదు. "చుక్కలు తప్పని ఏదైనా ఆధారం తెండి, చూద్దాం" అని ఆయన ఫైల్లో తలదూర్చాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

ఇక ఆగలేదు. బావకి ఫోన్ చేసింది, ఎత్తలేదు. అక్కకి చేసింది, ఎత్తలేదు. స్కూటర్ తీసింది. ఊరు దాటేదాకా సిగ్నళ్ళు, లారీలు, రోడ్డు తవ్విపోసిన మట్టికుప్పలు. ప్రతి సిగ్నల్ దగ్గరా గడియారం చూసుకుంది. పన్నెండు దాటింది. నాలుగింటి దాకా టైముంది, టైముంది అని పైకే అనుకుంటోంది. పక్కన ఆటోవాడు వింతగా చూశాడు. బావ చేత పని ఆపించేస్తే చాలు, తర్వాత ఎవరేమన్నా పడతాను అనుకుంది.

నర్సరీ గేటు మీద నోటీసు, కింద ఆవిడ సంతకం. లోపల బల్లలన్నీ ఖాళీ. పోయిన వారం దాకా పచ్చగా నవ్విన వలపందిరి ఇప్పుడు పెళ్ళివారు వెళ్ళిపోయిన విడిదిలా ఉంది. వెనకవైపు కొత్తమట్టి మేట. దాని మీద పలుగు గుచ్చి, పక్కన గట్టు మీద బావ కూర్చునున్నాడు.

"అయిపోయిందా?" అంది పాలావిడ.

"పదకొండింటికే. నాలుగు దాకా ఎందుకు? నువ్వు ఉందన్నాక ఒక్క గంట కూడా ఉంచకూడదనిపించింది. పక్క పొలాలకి పాకితే వాళ్ళ ఉసురు నాకెందుకు? కూలీల్ని కూడా పిలవలా. నా చేతుల్తోనే పెంచా, నా చేతుల్తోనే పూడ్చా."

పాలావిడ గట్టు మీద కూలబడింది. బావ అటూ ఇటూ చూసి, అక్క లోపలుందని రూఢి చేసుకుని, దగ్గరికి జరిగాడు.

"ఒక మాట చెప్తా, మీ అక్కతో అనకు. పోయిన నెల్లో మా పాత స్నేహితుడు కలిశాడు. ఇరవై ఏళ్ళ తర్వాత. ఒక్క దమ్ము కొట్టరా అన్నాడు. కొట్టా. ఒక్కటంటే ఒక్కటే. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాననే అనుకుంటున్నా. కడగలేదేమో. నువ్వు ఎన్నిసార్లు చెప్పావు! నా చేతులారా నేనే తెచ్చా ఈ తెగులు." చేతులు చాపి చూపించాడు. గోళ్ళ చుట్టూ చర్మం చిట్లి ఉంది. "సబ్బుతో ఎంత రుద్దినా పోలేదనిపిస్తోంది. మొక్కని ముట్టుకోవాలంటే భయంగా ఉందే."

చూశారా ఎలా వచ్చిందో! తప్పించుకునే దారి వెతుక్కోకుండానే కాళ్ళ దగ్గరికొచ్చి పడుకుంది. పిన్ని చెప్పదు. డైరెక్టర్ వద్దంటున్నాడు. నారు మట్టిలో కలిసింది. తప్పు తనదేనని బావే నెత్తిన వేసుకుంటున్నాడు. నోరు మూసుకుంటే సరిపోతుంది. చెప్పాలని పాలావిడ నోరు తెరిచింది. మాట రాలేదు. పిరికిదైపోయింది, ఉన్నమాట చెప్పుకోవాలి. నిప్పులాంటి మనిషి బూడిదలా కూర్చుంది.

లోపలినుంచి అక్క పిలిచింది. వంటింటి వెనక, నీళ్ళ తొట్టి పక్కన గోనెసంచి కప్పి ఒక ట్రే ఉంది. అందులో టమాటా నారు.

"కోప్పడకు. ఒక్క ట్రే దాచా. కళ్ళముందే అన్నీ గుంటలో పడుతుంటే ఉండబట్టలేదు. మీ బావకి తెలీదు" అంది అక్క, దొంగతనం చేసిన పిల్లలా. "పోలీసులకి పట్టిస్తావా ఏంటి?"

"ఇది నాకియ్యి అక్కా."

"తగలబెడతావా?"

"పరీక్ష చేస్తా."

"చేసిందే గదే?"

పాలావిడ ట్రేని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి స్కూటర్ ముందు పెట్టుకుంది. దారిపొడుగునా అటు చూడలేదు.

ఈసారి పాలావిడ ఆకు ముట్టుకోలేదు. పిన్ని చేత గ్లవ్స్ వేయించి, ప్రతిదానికీ కొత్త జత మార్పించి, తను గుమ్మం బయట నిలబడి వరస చెప్పింది. నీళ్ళు ముందు. బావ నారు తర్వాత. జబ్బు ఆఖరున. పాలు చిక్కగా ఉన్నాయో లేదో పిన్ని గరిటతో ఎత్తి చూపించింది కూడా.

ఆ నాలుగు రోజులూ ఆవిడ ఎలా బతికిందో ఆవిడకే తెలియాలి. మొదటిరోజు అన్నం సయించలేదు. రెండోరోజు అక్క ఫోన్ చేసి, "మీ బావ ఏంటోనే, గేటు దగ్గర గిన్నెతో పాలు పెట్టుకుని, మాటిమాటికీ చేతులు ముంచుతున్నాడు. గులాబీ అంటు కూడా ముట్టుకోవట్లేదు" అంది. పాలావిడ ఊఁ కొట్టింది. మూడోరోజు ఆవిడ మనసులో ఒక కోరిక పుట్టింది. చుక్కలు లేస్తే బాగుండును అని. బావ నారులో నిజంగానే వైరస్ ఉంటే తన సంతకం నిలబడుతుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మొక్కకి జబ్బు రావాలని కోరుకుంది, మొక్కల డాక్టరు! ఛీ అనుకుంది. అనుకుంటూనే మళ్ళీ కోరుకుంది.

నాలుగోరోజు పొద్దున పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నట్టు తలూపింది. జబ్బు రసం రుద్దిన ఆకుల నిండా చుక్కలు, అంటే పరీక్ష సరిగ్గానే జరిగింది. నీళ్ళు రుద్దినవి శుభ్రంగా ఉన్నాయి. బావ నారు రసం రుద్దినవి కూడా అంతే శుభ్రంగా ఉన్నాయి. పది మొక్కలు, ముప్ఫై ఆకులు. పాలావిడ భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ రెండుసార్లు చూసింది. ఒక్క చుక్క లేదు. ఆ రైతు చూసిన మచ్చలు ఎరువు ఎక్కువై వచ్చినవో, ఎండదెబ్బవో అయ్యుంటాయి. అరవై వేల మొక్కలు ఆరోగ్యంగా ఉండగానే మట్టిలోకి వెళ్ళాయి.

డైరెక్టర్ కాగితం చదివి పక్కన పెట్టాడు. "పూడ్చేశారు కదా మేడమ్. ఇప్పుడెందుకీ గొడవ? మీ పేరూ పోతుంది, మన పేరూ పోతుంది."

తలుపు దగ్గర్నుంచి పిన్ని అందుకుంది. "ఆ రోజు టీ రెండు కప్పులు తాగారు సార్ మీరు. చిక్కగా భలే ఉంది పిన్నీ అన్నారు. అడిగినవాళ్ళకి అదీ చెప్పాలి మరి."

డైరెక్టర్ మొహం కందగడ్డయింది. తర్వాత ఆయన సొరుగులోంచి ముద్ర తీసి, కాగితం మీద గట్టిగా గుద్దాడు.

పాలావిడ నర్సరీకి వెళ్ళేసరికి బావ గేటు పక్కన స్టూలు మీద గిన్నెలో చేతులు ముంచుకుని ఉన్నాడు. ఆవిణ్ణి చూసి నవ్వబోయాడు. ఆవిడ నవ్వనివ్వలేదు. నిలబడే మొదలుపెట్టి, పాలపొడి, టీ, అతిథులు, సబ్బు, అన్నీ వరసగా చెప్పేసింది. అక్క దాచిన ట్రే సంగతీ చెప్పింది. చుక్క లేదని చెప్పింది.

బావ చేతులు పాలలోంచి తియ్యలేదు. "అంటే నా నారులో ఏమీ లేదు."

"లేదు బావా."

"ఆ సిగరెట్..."

"దానికీ దీనికీ సంబంధం లేదు. నీ చేతులు మంచివే. నావే కావు."

ఆయన చేతులు పైకెత్తి, ఎవరివో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మోచేతుల మీదుగా పాలు కారుతున్నాయి. తర్వాత తలెత్తాడు. బావ మొహంలో అంత కోపం ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"ఆ రోజు గట్టు మీద కూర్చున్నప్పుడే నీకు తెలుసా?"

"అనుమానం ఉంది."

"అవునో కాదో చెప్పు."

"తెలుసు."

"అరవై వేల మొక్కలు పోతే పోయాయి. మళ్ళీ గింజ వేస్తే వస్తాయి. మనిషన్నాక పొరపాటు చెయ్యకుండా ఉంటాడా? నాలుగు రోజులే! నాలుగు రోజులు నన్ను నేను తిట్టుకుంటుంటే, చెయ్యి చాపి చూపిస్తుంటే, బొమ్మలా కూర్చుని చూశావు. ఒక్క మాట, అనుమానంగా ఉంది బావా అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

పాలావిడ ఏడ్చింది. దాచుకోలేదు. "భయమేసింది బావా" అంది. అంతకంటే చెప్పడానికేమీ లేదు కూడా.

అక్క గుమ్మంలోకొచ్చి నిలబడి, ఎవరి వైపు మాట్లాడాలో తెలీక కొంగు వేలికి చుట్టుకుంటోంది. బావ గేటు మీద నోటీసు చూపించాడు. "అది అంటించినప్పుడు దారిన పోయే ప్రతివాడూ ఆగి చదివాడు. నీ చేతిలో కాగితం దాని పక్కనే అంటించు. మరదలు కాబట్టి రాసిందంటారు. అననీ. అయినా నీ చేత్తోనే అంటించు."

ఆవిడ అంటించింది. జిగురు చాలక ఒక మూల లేస్తుంటే అరచేత్తో నొక్కిపట్టుకుని నిలబడింది. నారులో ఏ తెగులూ లేదు, తెగులు పరీక్ష చేసిన చేతి మీద ఉంది, కింద సంతకం. ఇద్దరు రైతులు సైకిళ్ళు ఆపి చదివి, ఆవిణ్ణీ బావనీ మార్చి మార్చి చూసి, ఒకణ్ణొకడు మోచేత్తో పొడుచుకుని వెళ్ళిపోయారు. ఆ పోటు ఆవిడకి తగిలింది. అలాగే నిలబడింది.

వెనక గిన్నె బోర్లించిన చప్పుడయింది. బావ పాలు గులాబీ పాదులో పారబోసి, ఆ అంటు కొమ్మ పట్టుకుని, ఎండిన ఆకు ఒకటి వట్టి చేత్తో గిల్లాడు. తర్వాత లోపలికి వెళ్ళి ఖాళీ ట్రేలు, మట్టి, గింజల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేలితో నొక్కుతున్నాడు. ఆవిడ వైపు చూడలేదు. వెళ్ళమంటాడేమోనని ఆవిడ స్కూటర్ తాళం చేతిలో పట్టుకునే ఉంది.

"సబ్బు ఆ తొట్టి దగ్గరుంది" అన్నాడు బావ, తలెత్తకుండానే. "కడుక్కుని రా. చీకటి పడేలోపు వంద ట్రేలు నింపాలి."

ఇరవై రెండేళ్ళలో ఆవిడకి చేతులు కడుక్కోమని చెప్పినవాళ్ళు లేరు. పాలావిడ తాళం జేబులో వేసుకుని, తొట్టి దగ్గరికి వెళ్ళి, మోచేతుల దాకా రుద్దుకుంది.